క్రాంక్ సెన్సర్ కోడ్ వస్తే ముందు పార్టు మార్చాలా, సిగ్నల్ పరీక్షించాలా?

ఖమ్మం_పెట్రోల్:
మా మాన్యువల్ గేరు కారు ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత దారిలో ఉన్నట్టుండి ఆగిపోతోంది. చల్లబడేదాకా ఆగితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతోంది. స్కానర్‌లో పి0335, అంటే ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో కారు కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్ కోడ్ నమోదైంది. మెకానిక్ గారు సెన్సర్ మార్చేద్దామంటున్నారు. ఎలక్ట్రీషియన్ గారు వైరింగ్ చూడనిదే పార్టు కొనవద్దంటున్నారు. ఇద్దరూ అనుభవజ్ఞులే. ఎవరి మాట వినాలి?

బెజవాడ_షెడ్డు:
మెకానిక్ గారి మాటే సబబు. రెండు వైర్ల క్రాంక్ సెన్సర్‌లో సన్నని తీగ చుట్ట ఉంటుంది. పాతబడిన చుట్ట వేడికి వ్యాకోచించి లోపల తెగుతుంది, చల్లారగానే మళ్ళీ కలుస్తుంది. అటువంటి సెన్సర్‌ను విప్పి బల్ల మీద పెట్టి మల్టీమీటర్‌తో కొలిస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి, పరీక్షల పేరుతో బండిని షెడ్డులో నిలబెట్టడం కన్నా ఒరిజినల్ పార్టు వేసి నడిపి చూడడమే మేలు. హైవే మీద లారీల మధ్య ఇంజన్ ఆగిపోతే ప్రాణాల మీదికి వస్తుంది.

ఓరుగల్లు_వైరింగ్:
చల్లారిన సెన్సర్‌ను కొలిచి లాభం లేదన్నది నిజమే. అందుకే వేడి మీద ఉండగా కొలవాలి. అసలు కొలవనక్కర్లేదని ఎలా అంటాం? ఈసీయూకు, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు, సిగ్నల్ సరిగా అందలేదన్నంత వరకే ఆ కోడ్ చెబుతుంది. చుట్ట తెగిందా, ఎగ్జాస్ట్ పక్కగా పోయే వైరు ఇన్సులేషన్ కరిగిందా, కనెక్టర్ పిన్ను వదులైందా, ఎలుక కొరికిందా అన్నది మనమే తేల్చుకోవాలి.

ముందుగా స్కానర్‌ను లైవ్ డేటాలో, అంటే రీడింగులు అప్పటికప్పుడు కనిపించేలా, ఉంచి, పక్క సీటులో ఒకరిని కూర్చోబెట్టుకుని, రద్దీ లేని రోడ్డు మీద నడపండి. ఇంజన్ ఆగిన క్షణంలో బండి ఇంకా గేరులోనే దొర్లుతూ ఉండగా ఆర్‌పీఎం ఒక్కసారిగా సున్నాకు పడిపోతే సిగ్నలే తెగిందన్నమాట. బండి వేగంతో పాటు మెల్లగా దిగివస్తే క్రాంక్ సిగ్నల్ అప్పటికి బాగానే ఉన్నట్టు, కనుక పెట్రోల్ పంపు, రిలేల వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్షకు ఏమీ విప్పనక్కర్లేదు.

సిగ్నలే పోయిందని తేలితే, వేడి తగ్గకముందే కనెక్టర్ ఊడదీసి సెన్సర్ నిరోధం కొలవండి. రెండు వైర్ల రకంలో చాలావాటికి అది 500 నుంచి 1500 ఓమ్‌ల మధ్య ఉంటుంది. మీ బండికి ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి. మీటరు ఓపెన్, అంటే తీగ తెగినట్టు, చూపిస్తే సెన్సర్ పోయినట్టే, వాదన అక్కర్లేదు. నిరోధం సరిగ్గా ఉంటే కనెక్టర్ తిరిగి పెట్టి, సెల్ఫ్ కొట్టిస్తూ సెన్సర్ దగ్గర ఒకసారి, ఈసీయూ దగ్గర ఒకసారి ఏసీ వోల్టేజి చూడండి. మొదటిచోట వచ్చి రెండోచోట రాకపోతే లోపం వైరులోనే ఉంది. మీటరు బీప్ కొట్టింది కదా అని వైరు బాగుందనుకోకండి. లోపల ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది.

మూడు వైర్లుంటే తీగ చుట్టకు బదులు ఎలక్ట్రానిక్ చిప్పు ఉండే హాల్ రకం కావచ్చు, లేదా మూడోది సిగ్నల్‌లో బయటి అలజడి కలవకుండా కాపాడే షీల్డు కావచ్చు. డయాగ్రమ్ చూడనిదే మీటరు పెట్టకండి. హాల్ సెన్సర్‌కు నిరోధం కొలవడం అర్థం లేని పని. దానికి సప్లై, ఎర్తు, సిగ్నల్ విడివిడిగా చూడాలి, అదీ మీటరుతోనే. ఈసీయూ వైర్లకు టెస్ట్ బల్బు తగిలించకూడదు.

బెజవాడ_షెడ్డు:
ఆర్‌పీఎం సంగతి ఒప్పుకుంటాను. కాని బండి ఆగిన వెంటనే సెన్సర్ మీద చన్నీళ్లు పోస్తాం, స్టార్ట్ అయితే సెన్సర్ మారుస్తాం. అదీ పరీక్షే.

ఓరుగల్లు_వైరింగ్:
ఆ నీళ్లు కనెక్టర్‌నూ వైరునూ కూడా చల్లబరుస్తాయి గనుక మూడింటిలో ఏది కోలుకుందో తెలియదు. అంతకన్నా షెడ్డులో ఇంజన్ ఐడిల్‌లో ఉండగా, అందే చోట ఉంటే, హీట్ గన్‌తో సెన్సర్‌ను ఒక్కదాన్నే వేడి చేయండి. ఆగకపోతే వైరును వేడి చేసి, కదిపి చూడండి.

బెజవాడ_షెడ్డు:
అంత ఓపికగా చేస్తాం, కాని పార్టుకు డబ్బిచ్చే కస్టమర్ పరీక్షకు ఇవ్వడు. ఆ పూట కూలి ఎవరిస్తారు? మా షెడ్లలో సెన్సర్లు మార్చడం అలవాటైంది అందుకే.

ఖమ్మం_పెట్రోల్:
పరీక్షకు ఎంతవుతుందో ముందే మాట్లాడుకుని నేను ఇస్తాను. ఎలక్ట్రీషియన్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని స్కానర్‌తో నడుపుతాను. ఆర్‌పీఎం ఎలా పడిందో ఇక్కడే రాస్తాను.