రేసు దిగిన థరోబ్రెడ్‌తో డ్రెస్సాజ్: పగ్గం అందుకోగానే తల ఎత్తేస్తోంది

మలక్‌పేట_మబ్బు
రేసు మాన్పించి నాలుగు నెలలైన థరోబ్రెడ్ (రేసు జాతి), జెల్డింగ్ (విత్తులు తీయించిన మగది), 6 ఏళ్లు, బరువు 450 కిలోల దాకా. డ్రెస్సాజ్ (జడ్జి ముందు వరసగా నడకలు, మలుపులు చూపించే పోటీ) నేర్పుతున్నాం. వాక్‌లో (మామూలు నడక) పేచీ లేదు. ట్రాట్‌లో (జోరు నడక) పగ్గం అందుకోగానే తల పైకి, నడుం కిందికి. ఇంకాస్త బిగిస్తే పరుగే. శీతాకాలం షోలో ప్రిలిమినరీ (తొలి స్థాయి) టెస్ట్‌కి పేరిచ్చాం. ఏ బిట్ (నోటి కడ్డీ) వాడాలి? 20 మీటర్ల సర్కిల్ కోడిగుడ్డులా వస్తోంది, ఎలా సరిచేయాలి? హాల్ట్‌లో ఎడమ వెనక కాలు వెనకే ఉండిపోతోంది. దాణా ఎంత పెట్టాలి? షో కోటు హైదరాబాద్‌లో అద్దెకి ఎవరిస్తారు?

ఖైరతాబాద్_కళ్లెం
బిట్ సంగతి తర్వాత. రేసులో జాకీ పగ్గాలు జతగా పట్టి మెడ మీద ఆనిస్తాడు, గుర్రం దానిమీద బరువు వేసి దౌడు తీస్తుంది. దాని లెక్కలో పగ్గం బిగిసిందంటే "పద" అని. మీరు ఆపుదామని లాగుతున్నారు, అది నేర్చుకున్న పాఠం ప్రకారం పోతోంది. ముందు నోరు చూపించండి: వుల్ఫ్ టీత్ (దవడపళ్ల ముందుండే చిన్న పళ్లు) ఉన్నాయా, దవడపళ్ల అంచులు బుగ్గకి గీసుకుంటున్నాయా. తర్వాత కొలత. లూజ్ రింగ్ స్నాఫిల్ (రింగులు కదిలే మామూలు బిట్) అయితే పెదవికి రెండు పక్కలా చెరో 5 మి.మీ. ఖాళీ ఉండాలి. థరోబ్రెడ్ నోట్లో చోటు తక్కువ, నాలుక మందం. లావు బిట్ మెత్తన కదా అని 18 మి.మీ.ది పెడితే నోరు మూతే పడదు. 14 చాలు, ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) గుర్రాలకి పెట్టిన కనీస మందం కూడా అదే.

రింగ్‌మాస్టర్60
ఇంత రామాయణం ఎందుకు? డ్రా రెయిన్స్ (జీను పట్టీ నుంచి బిట్ రింగుల గుండా చేతికొచ్చే అదనపు పగ్గాలు) కట్టి రోజూ పది నిమిషాలు. వారంలో తల దిగుతుంది. పాత మాస్టర్లంతా చేసిందే.

సాయీసు_సత్తి
తల దిగుతది సారూ. డ్రా రెయిన్ తీసిన్నాడు మళ్ల ఏడికి పోతదో గది గూడ చెప్పుండ్రి.

ఖైరతాబాద్_కళ్లెం
@రింగ్‌మాస్టర్60 డ్రా రెయిన్ దించేది ముక్కుని. మెడ మూడో ఎముక దగ్గర మడతపడుతుంది, పోల్ (చెవుల వెనక మెడ మొదలు) దిగిపోతుంది, ముక్కు నిలువుగీత వెనక్కి పోతుంది, వెనక కాళ్లు దూరంగా ఈడుస్తాయి. జడ్జి సి దగ్గర (అరీనా పొట్టి గోడ మధ్య ఉండే అక్షరం) కూర్చుని మొదట చూసేది అదే: పోల్ ఎత్తైన చోటేనా, ముక్కు కాస్త ముందుకుందా అని. పైగా డ్రెస్సాజ్ షోలో వార్మప్‌లో కూడా రన్నింగ్ రెయిన్స్ (డ్రా రెయిన్స్ ఆ కోవలోవే) నిషేధం. ఇంట్లో దానిమీదే నడిపి షోలో ఒట్టి స్నాఫిల్‌తో దిగితే ఆ గుర్రానికి అది కొత్త భాష.

రింగ్‌మాస్టర్60
నిషేధం షోలో. ఇంట్లో ఎవరాపారు? చేతిలో నేర్పు లేనివాళ్లకే డ్రా రెయిన్ ప్రమాదం.

బెంగళూరు_బ్రైడిల్
చేతిలో అంత నేర్పున్నవాడికి డ్రా రెయిన్ అక్కర్లేదు కదండీ.

రింగ్‌మాస్టర్60
మాటకారితనం బాగుంది. మీ టెస్ట్ షీట్ పెట్టండి, శాతాలు చూద్దాం.

బెంగళూరు_బ్రైడిల్
షీట్లు పెట్టుకునే పోటీ ఇక్కడ లేదు. అడిగిందానికి జవాబు: లంజింగ్‌లో (పొడవు తాడుతో చుట్టూ తిప్పడం) సైడ్ రెయిన్స్ (బిట్ నుంచి జీను పక్కకి కట్టే పట్టీలు) వాడొచ్చు, షోలో కూడా. వదులుగా మొదలుపెట్టి, ముక్కు నిలువుకి కాస్త ముందుండేలా సర్దాలి. ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు మించకుండా. వాక్‌లో విప్పేయాలి, లేకపోతే మంచి వాక్ కూడా పాడవుతుంది. ప్రిలిమినరీలో వాక్‌కి తరచూ గుణకం 2 (మార్కు రెట్టింపు) ఉంటుంది, అక్కడ పోగొట్టుకున్నది ట్రాట్‌లో రాబట్టలేరు.

బవేరియా_బాబు
జర్మనీలో ట్రైనర్ లైసెన్స్ ఉన్నవాడిగా చెబుతున్నాను, మీరంతా మెట్లు తలకిందులుగా ఎక్కుతున్నారు. శిక్షణ మెట్లు ఇవీ: మొదట టాక్ట్, తర్వాత లోస్‌గెలాసెన్‌హైట్, ఆ తర్వాతే ఆన్‌లేనుంగ్, ష్వుంగ్, గెరాడెరిష్టుంగ్, చివర ఫెర్‌సామ్‌లుంగ్. అడిగినాయన మూడో మెట్టు దగ్గర కొట్లాడుతున్నారు, గుర్రం రెండోదే ఎక్కలేదు.

సాయీసు_సత్తి
బాబుగారూ, గీ పేర్లు గుర్రానికి జెప్తే బెదిరి గోడ దుంకుతది. తెలుగుల జెప్పుండ్రి.

బవేరియా_బాబు
లయ, బిగువు లేకపోవడం, పగ్గం అందుకోలు, ఊపు, తిన్నదనం, ఒళ్లు కూడగట్టుకోవడం. చాలా? పని ఇలా: 20 మీటర్ల సర్కిల్ మీద రైజింగ్ ట్రాట్ (లయకి లేస్తూ కూర్చుంటూ), పగ్గం పొడవుగా. లోపలి కాలితో నడుం దగ్గర వంపు అడగాలి, బయటి పగ్గం నిలకడగా, మోచేయి మడత నుంచి బిట్ దాకా ఒకే గీత. తల ఎత్తినప్పుడు చేతులు కిందికి నొక్కకూడదు, నొక్కితే బిట్ దవడ ఎముక మీద పడుతుంది. చేతులు కాస్త పైకెత్తి తలతోపాటు వెళ్లి, గుర్రం మెడ చాచిన క్షణంలో మెత్తబడాలి. సర్కిల్ మీద ట్రాట్ నుంచి వాక్‌కి, మూడు నాలుగు అడుగుల తర్వాత మళ్లీ ట్రాట్‌కి. మార్పులతోనే వెనక కాళ్లు కిందికొస్తాయి, చేతులతో రావు. లెగ్ యీల్డ్ (కాలి ఒత్తిడికి పక్కకి జరగడం) కూడా మొదలెట్టొచ్చు, గోడకి ముక్కు పెట్టించి కాదు, సెంటర్ లైన్ నుంచి గోడ వైపుకి.

డెక్కల_డాక్టర్
ఎవరూ కడుపు గురించి అడగలేదు. రేసు గుర్రాల్లో పొట్ట పుళ్లు చాలా మామూలు. గర్త్ (జీను పొట్టపట్టీ) బిగించేటప్పుడు చెవులు వెనక్కి వేస్తోందా, పక్కలు బ్రష్ చేస్తే కొరకొస్తోందా, దాణా సగంలో వదిలేస్తోందా? వీటిలో ఒక్కటున్నా గ్యాస్ట్రోస్కోపీ (కెమెరా గొట్టంతో పొట్ట పరీక్ష) చేయించండి. నొప్పితో నడుం బిగబట్టిన గుర్రాన్ని బిట్ మార్చి బాగుచేయలేరు. పుండ్ల మందు మోతాదు బరువునిబట్టి మీ పశువైద్యుడే రాయాలి, ఇక్కడ రాయను. మీరు చేయగలిగింది ఒకటుంది. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు. 20-30 నిమిషాల ముందు అరకిలో లూసర్న్ (ఆల్ఫాల్ఫా మేత) తినిపిస్తే ట్రాట్‌లో ఆమ్లం పై గోడకి ఎగజిమ్మదు, అందులోని కాల్షియం కూడా ఆమ్లాన్ని తగ్గిస్తుంది.

గడ్డి_లెక్క
హమ్మయ్య, దాణా దగ్గరికి వచ్చారు. 450 కిలోల గుర్రానికి ఎండుగడ్డి రోజుకి 7 నుంచి 9 కిలోలు, బరువులో 1.5 నుంచి 2 శాతం. ఇది తగ్గితే ఏ సప్లిమెంటూ పనికిరాదు. గింజలు పూటకి 2 కిలోలకి మించితే పెద్దపేగుల్లోకి పిండిపదార్థం జారి కడుపునొప్పి వస్తుంది. కడుపు పుండున్న గుర్రానికైతే పూటకి బార్లీ 800 గ్రాములే, మిగతా శక్తి నూనెతో ఇవ్వాలి. రేసు దాణా అలాగే కొనసాగించి "వేడి గుర్రం" అనేవాళ్లని ఏమనాలో తెలీదు.

కృష్ణాతీరం
మా వైపు ఉలవలే. పచ్చివి నానబెట్టి పెడతారు.

గడ్డి_లెక్క
ఉలవలు ఉడకబెట్టాలి. పచ్చి వాటిలో మాంసకృత్తుల అరుగుదలని అడ్డుకునే పదార్థం ఉంటుంది, ఉడికితే పోతుంది. ఇంకోటి, గోధుమ తవుడు. బకెట్లకి బకెట్లు తడిపి పెడతారు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి అదే పెడితే ఎముకల్లోంచి కాల్షియం లాగేసి ముఖం ఎముకలు ఉబ్బుతాయి. పళ్లెంలో కాల్షియం భాస్వరానికి తగ్గకూడదు, ఒకటిన్నర రెట్లుంటే మంచిది. లూసర్న్ ఉన్నచోట లెక్క సరిపోతుంది.

కృష్ణాతీరం
తాతల నాటి నుంచి పెడుతున్నాం, ఏ ఎముకా ఉబ్బలేదు.

గడ్డి_లెక్క
తాతల నాటి గుర్రం పొద్దంతా మేతకి తిరిగేది. మీది లాయంలో కట్టేసి ఉంటుంది.

మలక్‌పేట_మబ్బు
అందరికీ థాంక్స్. గర్త్ దగ్గర చెవులు వెనక్కి వేస్తుంది, డాక్టరుగారికి చూపిస్తాను. నోస్‌బ్యాండ్ (ముక్కుపట్టీ) ఎంత బిగించాలో కూడా చెప్పండి, ఫ్లాష్ (బిట్ కింద కట్టే అదనపు పట్టీ) వేస్తున్నాం. కోటు సంగతి?

రింగ్‌మాస్టర్60
ఫ్లాష్ గట్టిగా బిగించండి, నోరు తెరవదు. రెండు వేళ్లు అంటారు, ఎవడి వేళ్లు?

బెంగళూరు_బ్రైడిల్
ఇదొక్కటి సరిగ్గా అడిగారు. అందుకే 2025 నుంచి ఎఫ్‌ఈఐ కొలిచే పరికరం తెచ్చింది. ముక్కు ఎముక మీద, చెంప పక్కన కాదు, 1.5 సెం.మీ. మందం పరికరం నోస్‌బ్యాండ్ కింద దూరాలి. వేళ్లు పక్కన దూర్చి "సరిపోయింది" అనడం ఇక చెల్లదు. నోరు తెరవడం ఒక కబురు, దాన్ని తోలుతో కట్టేస్తే కబురు ఆగుతుంది, కారణం ఆగదు. నోట్లో తాజా రక్తం కనిపిస్తే డ్రెస్సాజ్‌లో ఎలిమినేషనే.

రింగ్‌మాస్టర్60
ఇలాంటి పుస్తకాల పురుగుల వల్లే మనకి పతకాలు రావు.

ఖైరతాబాద్_కళ్లెం
వచ్చాయి కదా మాస్టారూ. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ టీమ్ స్వర్ణం, జట్టు మొత్తం 209.205. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా. అనుష్‌కి ఎట్రో అనే గుర్రం మీద ఫ్రీస్టైల్‌లో (సంగీతంతో చేసే టెస్ట్) 73.030 శాతంతో వ్యక్తిగత కాంస్యం. పారిస్ 2024కి వేరే గుర్రం, సర్ కారమెల్లో, మీద వెళ్లాడు, 66.444. ఆసియా క్రీడల్లో 73 తెచ్చుకున్నవాడు ఒలింపిక్ గ్రాండ్ ప్రిలో (పై స్థాయి టెస్ట్) 66 తెచ్చుకుంటే ఓడినట్టు కాదు, అది వేరే టెస్ట్. పియాఫ్ (ఉన్నచోటే ట్రాట్), పసాజ్ (కాళ్లు ఎత్తి వేసే నెమ్మది ట్రాట్) అక్కడే ఉంటాయి, హాంగ్‌ఝౌ స్థాయిలో లేవు.

కృష్ణాతీరం
ఆ గుర్రాలు ఇక్కడివి కాదుగా. యూరప్‌లో కొని, యూరప్‌లో నేర్పి తెచ్చినవి. మన గుర్రాన్ని పంపొచ్చుగా?

డెక్కల_డాక్టర్
పంపడం అంత తేలిక కాదు. వ్యాధుల కారణంగా క్వారంటీన్ నియమాలు మన గుర్రాలకి అడ్డం. అందుకే హాంగ్‌ఝౌ జట్టు గుర్రాలు జర్మనీలో క్వారంటీన్‌లో ఉండి వెళ్లాయి. మీరట్ కంటోన్మెంట్‌లో వ్యాధిరహిత కంపార్ట్‌మెంట్‌కి 2025లో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది, ముందుముందు దారి తెరుచుకుంటుంది. మీ స్థాయిలో కావాల్సింది గ్లాండర్స్, ఇన్‌ఫెక్షియస్ ఎనీమియా అనే అంటురోగాల పరీక్షల కాగితాలు. రక్తం తీసిన రోజే రిపోర్ట్ రాదు, షోకి వారం ముందు మేల్కొంటే గుర్రం లారీ ఎక్కదు.

ఇంకోటి. నొప్పుల లేపనం రాసేముందు డబ్బా చదవండి. మిరప ఘాటు, అంటే క్యాప్సైసిన్, ఎఫ్‌ఈఐ నిషేధ జాబితాలో ఉంది. 2008 ఒలింపిక్స్‌లో జంపింగ్ గుర్రాలు పట్టుబడింది దానికే.

బవేరియా_బాబు
సర్కిల్ ప్రశ్న అందరూ వదిలేశారు. 60 మీటర్ల అరీనాలో (గోడల వెంట, సెంటర్ లైన్ మీద చోట్లని అక్షరాలతో చెబుతారు) ఎ దగ్గర సర్కిల్ వేస్తే ఎల్ మీదుగా పోవాలి, పక్కల వి, పి తాకాలి. అంతే.

ఖైరతాబాద్_కళ్లెం
లైసెన్స్ జర్మనీదేనా? ఎ నుంచి ఎల్ 18 మీటర్లు. సర్కిల్ సెంటర్ లైన్‌ని దాటాల్సింది 20 దగ్గర, అంటే ఎల్ దాటాక ఇంకో 2 మీటర్లు. పక్క గోడ తాకాల్సింది మూల నుంచి 10 మీటర్ల దగ్గర: కె దాటాక 4 మీటర్లు, వి కి 8 మీటర్ల ముందు. మీరు చెప్పినట్టు వి దాకా వెళ్తే గోడ వెంట తిన్నగా 8 మీటర్లు ఎక్కువ నడిచి, ఎల్ దగ్గర హఠాత్తుగా తిరగాలి. ఆయన కోడిగుడ్డు అక్కడే పుడుతోంది. ఎక్స్ గుండా పోయేది 20 బై 40 అరీనాలో, అక్కడ ఎక్స్ సరిగ్గా 20.

బవేరియా_బాబు
సుమారుగా చెప్పాను. జడ్జి టేపు పట్టుకుని కూర్చోడు.

బెంగళూరు_బ్రైడిల్
సి దగ్గరున్న జడ్జికి టేపు అక్కర్లేదు, పక్క అక్షరాలే టేపు.

ఖైరతాబాద్_కళ్లెం
నాలుగు కోన్లు పెట్టండి. ఎ, రెండు గోడల తాకుడు బిందువులు, సెంటర్ లైన్ మీద 20 గుర్తు. ప్రతి కోను లోపలి వైపు దాన్ని ఆనుకుని పోవాలి. ఒక్కో పావు సర్కిల్ 15.7 మీటర్లు, వర్కింగ్ ట్రాట్‌లో ఆరు అంగల చిల్లర. నాలుగు పావుల్లోనూ అంగలు లెక్కపెట్టండి. గోడ వైపు ఆరు, లోపలి వైపు ఏడొస్తే గుర్రం భుజం బయటికి జారుతోంది, మెడ మాత్రమే వంగుతోంది. అప్పుడు లోపలి పగ్గం కాదు, బయటి పగ్గమూ బయటి మోకాలూ పనిచేయాలి. గోడ లేని చోట చూపు తర్వాతి కోను మీదికి ముందే వెళ్లాలి.

సాయీసు_సత్తి
హాల్ట్ గురించి గూడ సెప్తా. ఎడమ కాలు వెన్కుంటదంటే చేతితోని ఆపుతున్నవ్ తమ్మీ. ముంగటి కాళ్లు ఆగినంక వెన్కవి వచ్చి చేరవు. గోడ పక్కన వాక్‌ల పో, నీ ఎడమ పిక్క ఆనిచ్చి మూడడుగులు చిన్నవి చేసి ఆగు. కాలు వెన్కుండిపోతే ఎన్నడు ఎన్కకు సర్దకు, ముంగటికి ఒక్కడుగు అడుగు, మళ్ల ఆగు. ఎన్కకు సర్దితే సెల్యూట్ కొట్టేటప్పుడు అదే రివర్స్ గేర్ అయితది. అయినా అదే కాలు మొండికేస్తే డాక్టర్ సారుకు హాక్ (వెన్క కాలి నడిమి కీలు) చూపియ్యి, రేసు గుర్రాలకు అక్కడ నొప్పి ఉంటది.

రింగ్‌మాస్టర్60
ఇది మాత్రం ఒప్పుకుంటాను. ప్రిలిమినరీలో వాక్ గుండా ఆగొచ్చని టెస్ట్‌లో రాసుంటే అలాగే ఆగండి, ట్రాట్ నుంచి నేరుగా ఆపి మార్కులు పారేసుకోవద్దు.

బెంగళూరు_బ్రైడిల్
టెస్ట్ మధ్యలో నాలుక చప్పుడు, "హో" అనడం మానండి. గొంతు వాడితే ఆ మూవ్‌మెంట్‌లో 2 మార్కులు కోత. రేసు గుర్రానికి గొంతుతో నేర్పినవాళ్లు ఇక్కడే పోగొట్టుకుంటారు, ఇంట్లోనే గొంతు తగ్గించి సీటుకి అలవాటు చేయండి.

కృష్ణాతీరం
డబుల్ బ్రైడిల్ (రెండు బిట్ల కళ్లెం) ఎప్పుడు పెట్టొచ్చు?

ఖైరతాబాద్_కళ్లెం
ఆ గుర్రానికి ఇప్పట్లో వద్దు.

సాయీసు_సత్తి
తమ్మీ, రేసు లాడాలు తీయించినవా? అవి అల్యూమినియంవి, పల్చన, మన మట్టి మీద తొందరగా అరుగుతయి. ఇనుప లాడాలు ఏయించు, 5-6 వారాలకోపారి మార్పించు. షోకు ముందురోజు మాత్రం కొట్టించకు. మేకు దగ్గర కొట్టినా డెక్క నొచ్చినా తెలిసేసరికి రింగ్‌ల ఉంటవ్. ఓ పది రోజుల ముంగటనే కొట్టించు. కోటు నల్లదో నేవీదో ఏదైనా నడుస్తది, ఎవలైనా క్లబ్‌ల అడుగు, ఇస్తరు.