కొరియాలో చావింటి పరామర్శ: తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

సువాన్‌లో ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది. నిన్న మా టీమ్ లీడర్ వాళ్ల నాన్నగారు పోయారు. ఇక్కడ ఇలాంటివి ఇంట్లో కాదు, ఆస్పత్రికి ఆనుకుని ఉండే హాల్లో, మామూలుగా మూడు రోజులు జరుగుతాయి. రేపు సాయంత్రం అందరం వెళ్తున్నాం.

నల్ల బట్టలు, తెల్ల కవరు సిద్ధం. కవర్లో 30 వేలు, 50 వేలు, లేదా లక్ష వాన్ పెడతారట. 40 వేలు మాత్రం వద్దట, వాళ్ల భాషలో నాలుగుకీ చావుకీ పలుకు ఒకటే కాబట్టి. (మనం 116 చదివించినట్టు, వీళ్లకీ అంకెల పట్టింపు ఉంది!) కొత్తవాడిని, 50 వేలు చాలా?

అసలు టెన్షన్ ఫోటో ముందు. మోకాళ్ల మీద వంగి రెండు నమస్కారాలు, తర్వాత కుటుంబానికి ఒకటి అని చదివాను. కానీ వాళ్లు చర్చికి వెళ్తారు. అలాంటప్పుడు పువ్వు పెట్టి మౌనంగా నిలబడితే సరిపోతుందా, లేక పక్కవాళ్లని చూసి చేసెయ్యనా?

ఇంకోటి, భోజనం. మా ఊళ్లో చావింట్లో మంచినీళ్లు కూడా ముట్టం. ఇక్కడ తినకుండా లేస్తే బాగోదట. పెట్టేదేమో చాలాచోట్ల యుక్కేజాంగ్, అంటే గొడ్డుమాంసం పులుసు. నేను తినను. అన్నం, కిమ్చీతో సరిపెట్టుకుంటే ఏమైనా అనుకుంటారా?