మూతపడ్డ ప్లేటింగ్ ఫ్యాక్టరీ స్థలంలో ఫ్లాట్లు: మట్టి గురించి ఏం అడగాలి?

నాలుగో_అంతస్తు:
అందరికీ నమస్తే. మేం కొందరం కలిసి ఫ్లాట్లు బుక్ చేద్దామనుకుంటున్న స్థలంలో ఒకప్పుడు నికెల్, క్రోమ్ పూత వేసే ఫ్యాక్టరీ ఉండేదట. షెడ్లు ఎప్పుడో కూల్చేశారు. అడిగితే బిల్డర్ మనిషి "పైన రెండడుగులు కొత్త మట్టి పోశాం సార్, రిపోర్టు కూడా ఉంది" అంటున్నాడు. ఆ రిపోర్టులో ఏం చూడాలి? ఇలాంటి చోట కొన్నవాళ్లు, పనిచేసినవాళ్లు ఉంటే మీ అనుభవం రాయండి.

మట్టిబోరు:
నాది శాంపిళ్లు తీసే పని. ముందు క్రోమియం ఎలా కొలిచారో చూడండి. "మొత్తం క్రోమియం" అని ఒక్క అంకె వేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ట్రైవాలెంట్ రకం చాలావరకు మట్టిని అంటిపెట్టుకుని అక్కడే ఉంటుంది. హెక్సావాలెంట్ రకం నీళ్లతో పాటు కదులుతుంది, దాని దుమ్ము పీలిస్తే క్యాన్సర్ ముప్పు. రెండూ విడివిడిగా తేల్చాలి.

ఇంకోటి ఎవరూ అడగరు. పూత వేసే ముందు లోహానికున్న జిడ్డు వదిలించడానికి చాలాచోట్ల ట్రైక్లోరోఇథిలీన్ అనే సాల్వెంట్ వాడేవాళ్లు. పెట్రోలు నీటి మీద తేలుతుంది కాబట్టి త్వరగా దొరికిపోతుంది. ఈ సాల్వెంట్ నీటికంటే బరువు. నీటిమట్టం దాటి ఇంకా కిందికి దిగి, బంకమట్టి పొర తగిలేదాకా ఆగదు. అక్కడ్నుంచి ఆవిరై, గచ్చు పగుళ్లలోంచి ఇంట్లోకి వస్తుంది. రెండడుగుల కొత్త మట్టి ఆవిరిని ఆపదు. పైపైన గీకిన మట్టి ల్యాబ్‌కి పంపి "ఏమీ లేదు" అని రాసిన రిపోర్టులు బోలెడు చూశాను.

గాల్వనైజింగ్_తాత:
నా సర్వీసంతా పూత తొట్ల దగ్గరే గడిచింది. తొట్టి కింద గచ్చు చూస్తే తెలిసేది. యాసిడ్ చింది చింది సిమెంటు తినేసి కంకర పైకి తేలేది, సందుల్లో పసుపుపచ్చగా ఉప్పులాంటిది పేరుకునేది. కడిగిన నీళ్లన్నీ ఆ సందుల్లోకే. కాలువ ఎక్కడ పగిలిందో మా మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. ప్లాను కాగితాల్లో ఆ పగులు ఉండదు బాబూ. పాత పనివాళ్లు ఎవరైనా దొరికితే స్థలానికి తీసుకెళ్లి తొట్లు ఎక్కడ, డ్రమ్ములు ఎక్కడ దొర్లించేవారో చూపించమనండి. మట్టి శాంపిళ్లు తీసే బోర్లు అక్కడ వేయించండి.

మట్టిబోరు:
తాతగారు అన్నది అక్షరాలా నిజం. గళ్లు గీసి సమదూరంలో బోర్లు వేస్తే మ్యాపు అందంగా వస్తుంది. పగిలిన కాలువ మాత్రం రెండు గళ్ల మధ్య తప్పించుకుంటుంది.

ఇటుకలబండి:
మరీ భయపెట్టకండి. ఫ్యాక్టరీ స్థలాలన్నీ వదిలేస్తే నగరం పొలాల మీదికే పాకుతుంది. కప్పి వాడుకోవడం మోసమేం కాదు. సియాటిల్‌లో 1906 నుంచి 1956 దాకా గ్యాస్ తయారుచేసిన ప్లాంటు 1975లో పార్కు అయింది, రిచర్డ్ హాగ్ డిజైన్‌లో పాత టవర్లు అలాగే నిలబడ్డాయి. జర్మనీలో డూయిస్‌బర్గ్‌లో 1985లో మూతపడ్డ ఇనుము ఫ్యాక్టరీ గ్యాస్ ట్యాంకులో నీళ్లు నింపి డైవింగ్ చేస్తున్నారు. లండన్ ఒలింపిక్ పార్కు కోసం మట్టిని అక్కడికక్కడే కడిగి తిరిగి వాడారు.

కందిరీగ:
పార్కు వేరు, పడకగది వేరు సార్. పార్కులో కాసేపు తిరిగి వచ్చేస్తాం. ఇంట్లో పసిపిల్లలు నేల మీద పాకుతారు. పార్కింగుకు పనికొచ్చే మట్టి పెరటికి పనికిరాకపోవచ్చు. మీరు చెప్పిన సియాటిల్ పార్కులోనే తెరిచిన దశాబ్దాల తర్వాత కూడా శుభ్రం చేసే పని సాగింది.

కప్పడం తప్పు కాదు, ఒప్పుకుంటా. ఆ కప్పును కాపాడేదెవరు? అమెరికాలో లవ్ కెనాల్ అనే పాత కాలువ గుంట సంగతి చూడండి. దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చి పైన బంకమట్టి కప్పారు. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు రాసిచ్చారు. కింద వ్యర్థాలున్నాయని దస్తావేజులోనే ఉంది! అయినా స్కూలు కట్టారు, చుట్టూ ఇళ్లొచ్చాయి, పనుల్లో ఆ కప్పు చెడింది. 1978లో ఎమర్జెన్సీ ప్రకటించి కుటుంబాల్ని తరలించాల్సి వచ్చింది. 1980లో, కలుషిత స్థలాల్ని శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం రావడానికి ఆ గొడవే ముఖ్య కారణం.

తోటమాలి_2:
ఆవాలు, పొద్దుతిరుగుడు వేస్తే లోహాలు లాగేస్తాయని చదివా. నిజమేనా?

మట్టిబోరు:
కొన్ని లోహాల్ని కొంతవరకు లాగుతాయి. వేరు పోయినంత లోతుకే, అదీ ఏళ్ల తరబడి. కోసిన మొక్క మళ్లీ విషవ్యర్థమే, పశువులకు వేయకూడదు. ఫ్లాట్లు కట్టేవాడు అంతకాలం ఆగడు లెండి.

లారీ_నంబర్_లేదు:
తవ్వి బయట పోస్తే సరి అనేవాళ్లకు ఒకటే ప్రశ్న, ఎక్కడ? మా ఇళ్ల పక్క గుంటలో రాత్రిపూట లారీలు ఎవరిదో మట్టి పోసి పోయాయి. వానకు నీళ్ల రంగు మారాకే మాకు తెలిసింది. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ వ్యర్థాలు 337 టన్నులు పీతంపూర్‌కు తరలడానికి 1984 దుర్ఘటన తర్వాత నలభై ఏళ్లు పట్టింది. 2025లో కాల్చారు. అక్కడా జనం వద్దని గొడవ చేశారు. పైగా అది మూటగట్టి ఉంచిన సరుకు మాత్రమే, నేలలోకి దిగింది వేరు. తవ్విన మట్టి ఎక్కడికి పోయిందో రసీదులు అడగండి.

నాలుగో_అంతస్తు:
రిపోర్టు తెప్పించా. బోర్లన్నీ ఆరడుగులకే ఆపేశారు. మొత్తం క్రోమియం ఒక్కటే కొలిచారు, సాల్వెంట్ల ఊసే లేదు. ఇంకో విచిత్రం, రెండడుగుల కొత్త మట్టి పోశామన్నవాళ్లే ప్లానులో రెండు సెల్లార్లు చూపించారు.

గాల్వనైజింగ్_తాత:
అంటే ఆ కొత్త మట్టి తవ్వకం మొదలైన రోజే లారీ ఎక్కుతుందన్నమాట.

మట్టిబోరు:
సెల్లార్ తవ్వేటప్పుడు ఊటనీళ్లు తోడిపోస్తారు. తోడేకొద్దీ చుట్టుపక్కల చెడ్డ నీళ్లు కూడా ఇటే లాక్కొస్తాయి. అవి ఎక్కడ వదులుతారో అడగండి. సెల్లార్ అడుగుకంటే లోతుగా బోర్లు, నేలలోని ఆవిరి శాంపిళ్లు (పెద్ద వాన పడ్డ వెంటనే తీస్తే లెక్క తప్పుతుంది), గచ్చు కింద ఆవిరిని పైకి లాగే పైపులు. ఇవన్నీ బుకింగ్ డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.

నాలుగో_అంతస్తు:
ఊటనీళ్ల సంగతి అడిగితే ఫోన్ పెట్టేశాడు. సోమవారం అందరం కలిసి ఆఫీసుకే వెళ్తున్నాం. మట్టిబోరు గారూ, ల్యాబ్‌కి చెప్పాల్సిన పరీక్షల పేర్లు వరసగా రాసిపెడతారా? ప్రింటు తీసుకెళ్తా.