బెంగళూరులో సైకిలుకు ఏ తాళం కొనాలి, దానిని దేనికి కట్టాలి?

ప్రశ్న: మహదేవపుర నివాసి

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లా. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో, మహదేవపుర ప్రాంతంలో ఉంటున్నాను. ఇంటి నుంచి కె.ఆర్. పురం మెట్రో స్టేషను దాకా సైకిలు మీద వెళ్లి, బయట ఒక స్తంభం పక్కన దానిని నిలిపి రైలెక్కడం నాకు అలవాటు. 21 వేల రూపాయలకు కొన్న ఆ సైకిలు పోయిన నెలలో దొంగల పాలైంది. స్టేషను దగ్గర పోతుందేమోనని రోజూ భయపడేవాడిని కాని, అది పోయింది మా అపార్ట్‌మెంటు సెల్లారులో, రాత్రి రెండు గంటల తరువాత. నాలుగంకెల కేబుల్ తాళాన్ని వెనుక చక్రానికీ ఫ్రేముకూ కలిపి వేసి, సైకిలును గోడకు ఆనించి పైకి వెళ్లేవాడిని. సీసీ కెమెరాలో చూస్తే, ఒక మనిషి నింపాదిగా వచ్చి, తాళం జోలికే పోకుండా, వెనుక చక్రాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని, ముందు చక్రం మీద దొర్లించుకుంటూ వెనుక గేటు గుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు దాదాపు అదే ధరలో మరొక సైకిలు తీసుకోబోతున్నాను. తాళానికి ఎంత ఖర్చు పెట్టడం సమంజసం? యూ లాక్ (యూ ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ తాళం) మంచిదా, గొలుసు మంచిదా? స్టేషను దగ్గర ఎలా కట్టాలి, సెల్లారులో ఎలా కట్టాలి? రెండు చక్రాలకూ పనిముట్లు లేకుండానే ఊడివచ్చే క్విక్ రిలీజ్ మీటలు ఉన్నాయి, వాటిని ఏం చేయాలి? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1: జయనగర సైకిలిస్టు

మహదేవపుర నివాసి గారికి, మీ సైకిలు పోయినందుకు చాలా బాధగా ఉంది. మీ కథలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది: సైకిలును సైకిలుకే కట్టారు. అప్పుడు ఎంత ఖరీదైన తాళం వేసినా ఆ రాత్రి అదే జరిగి ఉండేది. మన పాత సైకిళ్లకు వెనుక చక్రం దగ్గర బిగించి వచ్చే గుండ్రని తాళానిదీ ఇదే పరిమితి; కూరగాయల దుకాణంలోకి వెళ్లి అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చేటప్పుడు అది చాలు, రాత్రంతా వదిలివేయడానికి చాలదు.

కేబుల్ తాళాన్ని ఇక మరచిపోండి. పైన లావుగా కనిపించే ప్లాస్టిక్ తొడుగు లోపల ఉండేవి మెలిపెట్టిన సన్నని తీగలే కాబట్టి, చేతిలో ఇమిడే కట్టరుతో కొన్ని సెకన్లలో చప్పుడు లేకుండా తెగిపోతాయి. చవక నంబరు తాళాల్లో మరొక లోపం కూడా ఉంది. తాళాన్ని లాగి పట్టుకుని ఒక్కొక్క అంకెల చక్రాన్నీ తిప్పుతూ పోతే, సరైన అంకె దగ్గర చేతికి తేడా తెలుస్తుంది. మూడంకెల తాళానికైతే ఆ నేర్పు కూడా అక్కరలేదు. ఉన్నవి 1000 సంఖ్యలే కాబట్టి సెకనుకు ఒకటి చొప్పున తిప్పినా 17 నిమిషాల్లో పూర్తవుతాయి.

బయట నిలిపేటప్పుడు గట్టిపరచిన ఉక్కుతో చేసిన యూ లాకే నా సలహా. కడ్డీ మందం కనీసం 13 మిల్లీమీటర్లు ఉండాలి. 16 మిల్లీమీటర్లు దాటితే చేతితో నొక్కే పొడుగు పిడుల కట్టర్లకు అది దాదాపు లొంగదు. బరువు ఒకటి నుంచి ఒకటిన్నర కిలో దాకా ఉంటుంది, దానిని భరించక తప్పదు. తిరిగే బిళ్లతో ఇనుమును కోసే, బ్యాటరీతో నడిచే యాంగిల్ గ్రైండరుకు మాత్రం మామూలు యూ లాకులన్నీ నిమిషాల్లో తెగుతాయి. అయితే అది చేసే రొదకూ, ఎగజిమ్మే నిప్పురవ్వలకూ నలుగురూ తిరిగి చూస్తారు కాబట్టి, జనం నడిచే చోట, వెలుతురు ఉన్న చోట కట్టడం తాళమంత ముఖ్యం.

కొనేటప్పుడు లోపలి ఖాళీ తక్కువగా ఉన్న చిన్న సైజు తీసుకోండి, ఎందుకంటే ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే అందులో ఇనుప గొట్టం దూర్చి మెలిపెట్టడం అంత తేలిక. గుండ్రని గొట్టంలాంటి తాళంచెవితో తెరుచుకునే రకాలు వద్దు. 2004లో క్రిప్టొనైట్ అనే ప్రసిద్ధ అమెరికన్ కంపెనీ తాళాలే మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకున్నాయి, కంపెనీ వాటిని తిరిగి తీసుకుని కొత్తవి ఇవ్వవలసి వచ్చింది. పెట్టె మీద కంపెనీ తానే వేసుకున్న పదికి ఎనిమిది, పదికి తొమ్మిది వంటి అంకెలను ఒక కంపెనీకీ మరొక కంపెనీకీ పోల్చకండి. బ్రిటన్‌కు చెందిన సోల్డ్ సెక్యూర్ సంస్థ స్వయంగా పరీక్షించి ఇచ్చే బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ గుర్తులను నమ్మవచ్చు. సిల్వర్ కంటే తగ్గవద్దు. సైకిలు ధరలో పదో వంతు, అంటే మీకు రెండు వేల పైచిలుకు, తాళానికి కేటాయించమని నేను అందరికీ చెబుతుంటాను.

కట్టే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలో షెల్డన్ బ్రౌన్ అనే పేరు పొందిన సైకిల్ మెకానిక్ ఉండేవారు, 2008లో మరణించారు. చిన్న తాళంతో కట్టడానికి ఆయన ప్రచారం చేసిన ఉపాయం ఏమిటంటే, వెనుక చక్రం చుట్టూ ఫ్రేము గొట్టాలు త్రికోణంగా కలిసే చోట, ఆ త్రికోణం లోపలే ఉన్న రిమ్మునూ టైరునూ స్తంభంతో కలిపి తాళం వేయడం. తాళం ఫ్రేమును తాకకపోయినా, రిమ్ము ఆ త్రికోణంలో నుంచి బయటికి రాదు కాబట్టి చక్రమూ ఫ్రేమూ రెండూ చిక్కుబడతాయి. ముందు చక్రం మిగిలిపోతుంది. దానికి మీటను తీసివేసి ఆరు పలకల అలెన్ కీతో మాత్రమే ఊడే ఇరుసు బోల్టు వేయించండి, సీటు బిగింపుకు కూడా అలాగే చేయించండి. 2016లో ఇందిరానగరలో ఒక హోటలు బయట నా ముందు చక్రం పోయిన తరువాత గాని నాకు ఈ జ్ఞానం కలగలేదు. కట్టే ముందు స్తంభాన్ని పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. నేలలో సరిగా పాతని బోర్డు కడ్డీలు ఎత్తితే పైకి వస్తాయి. తాళంచెవి రంధ్రం కిందికి ఉండేలా వేస్తే ఇక్కడి వానలకు లోపల నీరు చేరదు.

జవాబు 2: వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంటు సంఘ సభ్యురాలు

జయనగర సైకిలిస్టు గారి మాటలతో ఏకీభవిస్తూనే, సెల్లారు విషయంలో ఒకటి చెప్పదలచుకున్నాను. అక్కడ యూ లాక్ వేయడానికి సన్నని స్తంభమే ఉండదు. అడుగు వెడల్పు పిల్లరుకు చుట్టూ కొలిస్తే నాలుగు అడుగులు. మీటరు పొడవు గొలుసు కూడా దానిని చుట్టి రాదు. మా సముదాయంలో ఒక్క వేసవి సెలవుల్లోనే నాలుగు పిల్లల సైకిళ్లు పోయాయి. వాటి సొంతదారులు ఊరి నుంచి తిరిగి వచ్చేదాకా అవి పోయిన సంగతే ఎవరికీ తెలియలేదు. అప్పుడు సంఘంలో తీర్మానం చేసి, సెల్లారు గోడకు మందమైన ఇనుప కొక్కేలు వరుసగా బిగించాం. యాంకరు బోల్టులు బిగించిన తరువాత వాటి తల మీది అలెన్ గుంతలో ఒక్కొక్క బేరింగు గుండును సుత్తితో దిగగొట్టాం, ఇక ఏ కీ దూరదు. పిల్లర్లకు మాత్రం ఇంజినీరును అడగకుండా రంధ్రం వేయవద్దు.

కొక్కెం ఉంటే 10 మిల్లీమీటర్ల గొలుసు వాడవచ్చు. అటువంటి గొలుసు రెండు కిలోలకు పైనే తూగుతుంది కాని, రోజూ మోసుకెళ్లే పని లేదు, అక్కడే ఉంటుంది. ఎస్.పి. రోడ్డు వంటి చోట్ల హార్డ్‌వేర్ దుకాణాల్లో తూకానికి అమ్మే మామూలు గొలుసు ఎంత లావుగా ఉన్నా మెత్తని ఇనుమే. ఆకురాయితో ఒక మూల రుద్ది చూడండి. రజను రాలితే అది మామూలు ఇనుము, ఆకురాయి జారిపోతే గట్టిపరచిన ఉక్కు. గొలుసు, తాళంకప్ప నేలను తాకకుండా ఎత్తుగా బిగించాలి, నేల మీద ఉంటే సుత్తికి దిమ్మె దొరికినట్టే.

మరొక మాట. మీ దగ్గర ఈపాటికి వాచ్‌మన్‌ను తప్పుపట్టి ఉంటారు. రెండు గేట్లున్న చోట ఒకే మనిషిని పన్నెండు గంటలు కూర్చోబెట్టి, వెనుక గేటుకు తాళం వేయకపోవడం సంఘం తప్పు. మేము ప్రతి సైకిలుకూ ఫ్లాటు నంబరు బిళ్ల కట్టి, రాత్రి పది తరువాత వెనుక గేటు మూసివేస్తున్నాం.

జవాబు 3: బానసవాడి న్యాయవాది

ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు కనుక సైకిలు కొన్న బిల్లు గురించి రాస్తున్నాను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షను కిందికి వస్తుంది. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయలకు తక్కువైతే దానిని పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేసే నేరంగా పరిగణించరు. అందువల్ల మీ సైకిలు విలువను నిరూపించే కాగితం ఉండడం చాలా అవసరం. పాత సైకిలు కొన్నవారు కూడా అమ్మినవారి సంతకంతో ఒక రసీదు రాయించుకోవాలి.

పెడళ్ల ఇరుసు ఉండే గూడు అడుగున, సైకిలును తిరగేస్తే కనిపించే చోట, సాధారణంగా ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది. దానిని ఫోటో తీసి, బిల్లుతో పాటు ఈమెయిలులో దాచుకోండి. పేరు, ఫోను నంబరు రాసిన చీటీని ప్లాస్టిక్ సంచిలో చుట్టి సీటు గొట్టం లోపల వేయండి. రంగు మార్చి అమ్మినా ఆ చీటీ సాక్ష్యమిస్తుంది. పోయిన వస్తువుల కోసం ఆన్‌లైనులో తీసుకునే రసీదు దొంగతనానికి పనికిరాదు, ఎఫ్ఐఆర్ కావాలి. కొత్త చట్టాల ప్రకారం ఫిర్యాదును ఆన్‌లైను ద్వారా పంపవచ్చు, అయితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి.

మహదేవపుర నివాసి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ జవాబులను మా సంఘం అధ్యక్షుల వారికి చూపించాను. వచ్చే ఆదివారం సమావేశంలో కొక్కేల విషయం, వెనుక గేటు విషయం చర్చకు పెడతామన్నారు. పాత సైకిలు ఫ్రేము నంబరు నా దగ్గర లేదు, కొన్న దుకాణంలో అడిగితే బిల్లు నకలు మీద ఉందన్నారు కాబట్టి రేపు దానిని పోలీసు స్టేషనులో అందజేస్తాను. ఒక చిన్న సందేహం మిగిలింది. నేను సైకిలు కట్టే స్తంభం అడ్డకొలత 6 సెంటీమీటర్లు ఉంది. నచ్చిన యూ లాక్ లోపల 8 సెంటీమీటర్ల వెడల్పు, 14 సెంటీమీటర్ల పొడవు. షెల్డన్ బ్రౌన్ పద్ధతికి అది సరిపోతుందా?

జయనగర సైకిలిస్టు

అంచనాతో కొనకండి. ఒక అట్టముక్కలో సరిగ్గా 8 సెంటీమీటర్ల వెడల్పు, 14 సెంటీమీటర్ల పొడవు ఉండే యూ ఆకారాన్ని కత్తిరించుకుని, స్టేషను దగ్గర సైకిలును స్తంభానికి ఆనించి తొడిగి చూడండి. వెడల్పులో రిమ్ము, టైరు కలిసిన ఎత్తు పట్టాలి. పొడవులో టైరు మందం, మధ్యలో అడ్డొచ్చే ఫ్రేము గొట్టం, స్తంభం మూడూ పట్టాలి. మీ టైరు 4 సెంటీమీటర్ల లోపు ఉంటే పట్టవచ్చు, లావు టైరైతే ఇబ్బందే. పట్టకపోతే 18 సెంటీమీటర్ల పొడవున్నది తీసుకోండి, వెడల్పు మాత్రం పెంచకండి. తాళంతో పాటు వచ్చే తాళంచెవి నంబరును ఆ రోజే ఎక్కడైనా రాసిపెట్టుకోండి. కొన్ని కంపెనీలు ఆ నంబరు ఉంటేనే మరొక తాళంచెవి చేసి పంపుతాయి.