పెరూ రాజధాని లిమాకి, ఆ దేశాన్ని ఆక్రమించిన స్పెయిన్ సేనాని పిజారోని "స్థాపకుడు" అనొచ్చా? విగ్రహం మళ్ళీ సెంటర్లో పెట్టడం కరెక్టేనా?

ఇసుకతిన్నె:
2025 జనవరిలో లిమా 490వ పుట్టినరోజుకి గుర్రమెక్కిన పిజారో విగ్రహాన్ని మళ్ళీ పాత సిటీ నడిబొడ్డుకి తెచ్చారు, 2003లో పీకేసిందే. నాకైతే తప్పేం కనపడలా. 1535 జనవరి 18న ఊరు పెట్టింది ఆయనే, చదరంగం గళ్ళలా 117 బ్లాకులు గీయించిందీ ఆయనే. అంతకు ముందు రాజధాని కొండల్లో హౌహా, సముద్రం దూరమని, ఓడలొచ్చే రేవు దగ్గరుండాలని కిందికి దిగాడు. దుర్మార్గుడే, కాదన్ను, అంతమాత్రాన పేరు కొట్టేస్తామా?

కాలవగట్టు:
"ఊరు పెట్టాడు" దగ్గరే నాకు పేచీ అండి. లిమాలో వానలు దాదాపు ఉండవు, చలికాలం మంచు తుంపర తప్ప, పక్కా ఎడారి. మరి పచ్చటి లోయ ఎలా దొరికింది ఆయనకి? రిమాక్ నది నుంచి సుర్కో, వాటికా కాలవలు తవ్వి అప్పటికే వందల ఏళ్ళుగా పొలాలు పండిస్తున్నారు కాబట్టి. లిమాలోనే మిరాఫ్లోరెస్‌ పేటలో వాకా పుక్యానా చూడండి, పచ్చి ఇటుకల్ని బీరువాలో పుస్తకాల్లా నిలువుగా పేర్చి కట్టిన గుడి, పిజారో కంటే ఎంత లేదన్నా ఎనిమిది వందల ఏళ్ళు ముందుది. ఆయన వచ్చేనాటికి ఇక్కడి పెద్ద తౌలిచుస్కో. ఆ తౌలిచుస్కో ఇల్లున్న చోటే పిజారో ఇల్లు కట్టుకున్నాడంటారు, ఇప్పుడక్కడ ప్రెసిడెంట్ ప్యాలెస్. నీళ్ళు వాళ్ళవి, నేల వాళ్ళది, గీతలు గీసింది ఒక్కటే ఈయన.

ఇసుకతిన్నె:
పల్లెలూ గుళ్ళూ ఉన్నాయి, ఒప్పుకుంటా. కానీ పల్లెలు వేరు రాజధాని వేరు కదా. వైస్రాయ్ కొలువు, 1551లో యూనివర్సిటీ, కయావ్ రేవు, ఇవన్నీ 1535 తర్వాతే వచ్చాయి.

మూడోమనిషి:
విగ్రహం సంగతి చెప్పనా, అది పిజారో కాలం నాటిదేం కాదు, చేసింది రమ్సీ అనే అమెరికన్, అలాంటిదే ఇంకోటి స్పెయిన్‌లో పిజారో సొంతూరు త్రుహీయోలో ఉంది. లిమాకి 1935లో వచ్చింది. ముందు కేథడ్రల్ ఎదురుగా పెట్టారు, 1952లో ప్లాజా మూలకి జరిపారు, తర్వాత పాత గోడ దగ్గరి పార్కుకి, ఇప్పుడు శాంతా రోసా సందుకి. ఆ సందులోనే 1985లో తౌలిచుస్కో పేరు మీద నిలబెట్టిన రాయి ఉంది. ఆయనకి ముఖం లేదు, గుర్రం లేదు, ఉత్త రాయి. ఇంకో తమాషా, కేథడ్రల్లో ఏళ్ళ తరబడి పిజారో అని చూపించిన శవం వేరే ఎవరిదో, అసలు ఎముకలు 1977లో గోడలో దొరికిన పెట్టెల్లో బయటపడ్డాయి.

కాలవగట్టు:
😂 ఇది తెలీదు నాకు. @ఇసుకతిన్నె గారూ, రాజధాని అయ్యాక ఆ పాత జనం ఏమయ్యారో కూడా చూడాలిగా. 1550ల్లో తౌలిచుస్కో కొడుకు గొంసాలో, బాప్టిజం అయి పేరు మారినవాడే, మా భూములు పోయాయి మా జనం పోయారని స్పెయిన్ రాజుకి సాక్షుల్తో సహా అర్జీ పెట్టుకున్నాడు. మిగిలిన కాస్త జనాన్ని మగ్దలేనా వైపు పంపేశారు. విగ్రహం ఉంటే ఉండనీయండి, కింద బోర్డు మీద "స్థాపకుడు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటేనే నాకు ఒళ్ళు మంట.

ఇసుకతిన్నె:
బోర్డు మార్చమంటే నాకేం అభ్యంతరం లేదు, తారీఖు మాత్రం వదలను. ఇంతకీ మీ సుర్కో కాలవ ఇంకా ఉందా, పూడ్చేశారా?

కాలవగట్టు:
పారుతోందండి ఇవాళ్టికీ. అక్కడ పార్కుల్లో చెట్లకి పెట్టేది ఆ నీళ్ళే.