చవక పిస్టల్‌కు ట్రిగ్గర్ మార్పించడం అవసరమా, దండగా?

డాలస్_గోదారి: గ్రీన్ కార్డు వచ్చాక టెక్సాస్‌లో మొదటి పిస్టల్ కొనాలని చూస్తున్నాను. బడ్జెట్ 400 డాలర్లు. స్మిత్ అండ్ వెసన్ ఎస్‌డీ9 వీఈ వాడినది 300 లోపే దొరుకుతోంది, కానీ దాని ట్రిగ్గర్ లాగడానికి సుమారు 8 పౌండ్ల బలం కావాలి. కాల్పుల సాధన చేసే రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చితే, ట్రిగ్గర్ ఎంతవరకు లాగితే పేలుతుందో అంతుపట్టక తూటాలన్నీ గురికి కింద, ఎడమ పక్కన పడ్డాయి. మిగిలిన సొమ్ముతో బయటి సంస్థ అమ్మే ట్రిగ్గర్ కిట్ (ట్రిగ్గర్ మార్పిడి భాగాలు) వేయించడం మంచిదేనా?

పాత_గురికాడు: నిస్సంకోచంగా వేయించండి. ఆ పిస్టల్‌లో బ్యారెల్ (గొట్టం), స్లయిడ్ (పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) గట్టివే, లోపమల్లా ట్రిగ్గర్‌దే. 2023లో తెచ్చిన ఎస్‌డీ9 2.0లో తయారీదారే పాత ట్రిగ్గర్‌ను తీసేసి చదునైనది పెట్టాడంటే, విమర్శను ఒప్పుకున్నట్టే కదా. లాగడానికి బరువైన ట్రిగ్గరే భద్రత అనేవారికి న్యూయార్క్ పోలీసు శాఖను చూపిస్తాను. అక్కడ ఏళ్ల తరబడి 12 పౌండ్ల ట్రిగ్గర్ వాడించారు. గురి దెబ్బతింటోందేమో చూడడానికి తేలిక ట్రిగ్గర్‌ను పరీక్షించమని 2008లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ సూచించింది.

కృష్ణాతీరం: గురికాడు గారూ, పోలీసు శాఖ ఆయుధశాలలో నిపుణులు అమర్చే ట్రిగ్గర్‌కూ, వంట బల్ల మీద వీడియో చూస్తూ బిగించే కిట్‌కూ పోలిక లేదు. ట్రిగ్గర్, స్ట్రయికర్ (తూటాను పేల్చే సూది), దాన్ని పట్టి ఉంచే సియర్, స్ప్రింగులు అన్నీ ఒకదాని బరువును బట్టి మరొకటి కుదిరేలా తయారీదారు పరీక్షిస్తాడు. సిగ్ సావర్ సంస్థ పీ320 పిస్టల్ సంగతి గుర్తుందా? వెనక భాగం నేలకు తగిలేలా ఒక కోణంలో పడితే, ట్రిగ్గర్ తన బరువుకే వెనక్కి కదిలి పేలుతోందని తేలాక, 2017 ఆగస్టులో ఆ సంస్థ తక్కువ బరువున్న ట్రిగ్గర్, సియర్, స్ట్రయికర్లతో ఉచిత మార్పిడి ప్రకటించింది. అంత పెద్ద కంపెనీకే కొన్ని గ్రాముల తేడా అంత పని పెట్టినప్పుడు, ఏ భాగం బరువెంతో, ఏ స్ప్రింగు ఎంత బలహీనమో తెలియకుండా మనం మార్చడం సబబు కాదు.

ఇక ప్రశ్న అడిగిన వారికి: కుడిచేతి వాటం వారికి తూటాలు కిందికీ ఎడమకూ పోవడం చాలామటుకు వేలి దోషం, పేలబోతోందని ముందే మణికట్టు వంచే దోషం. తూటాలను మరో గదిలో పెట్టి, గొట్టం ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ముందు సైటు (గొట్టం కొసన గురి చూసే మొన) మీద ఒక నాణెం నిలబెట్టి ట్రిగ్గర్ లాగండి. నాణెం పడిపోతోందంటే ఏ కిట్టూ దాన్ని ఆపలేదు.

పాత_గురికాడు: సాధన అవసరమే, కాదనను. కానీ సాగతీసే ట్రిగ్గర్ మీద సాధన చేయాలన్న ఉత్సాహమే ఉండదు. పీ320 ఉదాహరణ కూడా నా వాదనకే పనికొస్తుంది: దోషం ఫ్యాక్టరీ ట్రిగ్గర్‌లోనే ఉంది!

టెక్సాస్_వేపచెట్టు: మీ ఇద్దరి వాదన ఆసక్తికరంగా ఉంది గానీ, అసలు ఆ పిస్టల్ దేనికి? ఇంటి రక్షణకైతే దాన్ని ఉన్నదున్నట్టుగా ఉంచి, కిట్‌కయ్యే డబ్బుతో తూటాలు కొని, రేంజిలో ఒక శిక్షణ తరగతికి వెళ్లండి. పోటీల కోసమైతే ఈ పిస్టల్ మీద 100 డాలర్లు పోయడం కంటే, మరికొంత కూడబెట్టి మొదటే మంచి ట్రిగ్గర్ ఉన్నదాన్ని కొనడం నయం. అమ్మేటప్పుడు కిట్‌కు పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. కాదూ, కిట్టే కావాలంటే తుపాకీ మెకానిక్ చేత వేయించి, ఖాళీ పిస్టల్‌తో భద్రతా పరీక్షలు ఆయన చేతే చేయించండి. అన్నట్టు, ఇది చదువుతున్న హెచ్1బీ వారికి ఒక మాట: వలసేతర వీసా మీద ఉన్నవారు వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం.

డాలస్_గోదారి: నాకు కావలసింది ఇంటి కోసమే. కిట్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టి, శనివారం అదే పిస్టల్‌ను మళ్లీ అద్దెకు తీసుకుంటాను; పక్కనే ఎస్‌డీ9 2.0 దొరికితే దాన్నీ కాల్చి చూస్తాను.

పాత_గురికాడు: 2.0 కాల్చాక పాతది కొనబుద్ధి కాదు, చూడండి.