అప్‌డేట్: అదనపు పనుల బడ్జెట్ తేలింది

కొత్త ఇంటికి బిల్డర్ ఇచ్చిన అదనపు పనుల లిస్టులో ఏవి ఇప్పుడు చేయించాలి, ఏవి వదలాలి అని అడిగాను కదా, అందరికీ థాంక్స్. గోడ మూసేశాక మళ్లీ పగలగొట్టాల్సి వచ్చేవన్నీ, అంటే ఎక్కువ ప్లగ్ పాయింట్లు, ఇంటర్నెట్ కేబుల్‌కి ఖాళీ పైపులు, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ లాంటివి, ఇప్పుడే చేయించేస్తున్నాం. లైట్లు, అల్మారా హ్యాండిళ్లు తర్వాత. అవి బిల్డర్ దగ్గరే ఎందుకు కొనాలో నాకైతే అర్థం కాదు! టైల్స్ మీద మాత్రం ఇంట్లో ఇంకా గొడవే, కాంట్రాక్టులో రాసిన రేటు దాటితే తేడా మనమే కట్టాలి, పైగా కోతల్లో పోయేదానికి 10 శాతం ఎక్కువ కొనాలి. అనుకోని ఖర్చులకి కొంత విడిగా పెట్టాం. ఏ మార్పైనా రేటు రాసి సంతకం పెట్టాకే పని మొదలు అన్నాం, బిల్డర్ గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.